సున్నం కలిపిన మడి

మా మనుమడికి మొదటి ముద్ద ఎవరు పెట్టాలన్న సంగతి మీద ఆ వానాకాలమంతా మా ఇంట్లో గొడవ నడిచింది.

వాడికప్పుడు మూడో నెల. ఆరు నెలలు నిండాక, దసరాకు ముందు అన్నం ముట్టించాలి. మాలో ఆ ముచ్చట తల్లిగారింట్లోనే జరుగుతుంది. తల్లిని కన్న తండ్రి ముద్ద పెట్టాలి. అంటే నేను. నేను పెట్టనన్నాను. నా కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. బూడిద ఇటుకల కార్ఖానాలో మాల్ కలిపే మిషను మిగతాది తీసుకుపోయి అప్పటికి మూడేళ్లు. కార్ఖానా యజమాని పేరు రాయను. రాస్తే ఆయనకు పేరొస్తుంది.

మిగిలింది ఎడమ చెయ్యి. దానితో నేను గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. పోతే పంక్తిలో కూర్చోవాలి, పది మంది ముందు ఎడమ చెయ్యి విస్తట్లో పెట్టాలి. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వస్తే అరుగు మీద పెట్టి, తీసుకొమ్మనేవాణ్ణి. మనుమణ్ణి ఇంకా ఎత్తుకోలేదు. కాన్పుకు వచ్చిన కూతురు హేమశ్రీ వాణ్ణి నా ముందుకు తెచ్చినప్పుడల్లా నాకు బయట ఏదో పని గుర్తొచ్చేది.

"పుర్రచెయ్యితోని పెడ్తె ఏమైతదయ్యా?" అని అడిగింది నా భార్య యంకమ్మ.

"పుర్రచెయ్యితోని ఏం కడుగుతరో నీకు ఎర్క లేదా?"

"సబ్బుతోని కడుక్కో. సబ్బు నేను కొనిస్త."

"మా హనుమప్పకు కబురు పంపు. వాడు పెడ్తడు."

హనుమప్ప నా తమ్ముడు, యరగేరలో ఉంటాడు. నా పేరు ఆంజనేయ. మా అమ్మకు తెలిసిన దేవుడు ఒక్కడే, పుట్టినవాళ్లం ఇద్దరం.

"పేర్లు ఒక్కటైనంత మాత్రాన ఎవలు పెట్టినా ఒక్కటే అనుకుంటున్నవా?" అంది యంకమ్మ. అని, వంటకు వేళవుతోందని వెళ్లిపోయింది.

ఆ వంట మా ఇంటిది కాదు. దేవసూగూరు నుంచి నది వైపు పోయే దారిలో ఒక ప్రహరీ, దానిలో రేకుల షెడ్డు ఉంది. రాయచూరు బజారులో బట్టల దుకాణం నడిపే ఇంటి ఆడమనిషి, కాత్యాయని అని, బడిలో టీచరుగా రిటైరయ్యాక అది పెట్టింది. కాలు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు, ఎవరూ లేనివాళ్లు ఓ పదిమంది పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండేవారు. వాళ్లకు మధ్యాహ్నం వండి పెట్టేది యంకమ్మే.

జూన్‌లో ఒక పొద్దున, అక్కడ నీళ్ల డ్రమ్ము జరపాలి, సాయం రమ్మంది. ఒంటిచేతివాణ్ణి డ్రమ్ము జరపడానికి ఎవరు పిలుస్తారు? సగం దారిలో నాకు అర్థమైంది. వెనక్కు తిరుగుదామంటే ఎండ మండిపోతోంది. నీడ అక్కడే ఉంది. పోయాను.

డ్రమ్ము ఎక్కడిదక్కడే ఉంది. షెడ్డు వెనక నడుం ఎత్తున కట్టిన నాలుగు పొడుగాటి తొట్లున్నాయి. వాటినే మడులంటున్నారు. చక్రాల కుర్చీలో ఉన్నవాడికి చెయ్యి అందాలని ఆ ఎత్తు. లోపల ఎర్రమట్టి, పశువుల ఎరువు, సగానికి సగం ఇసుక. పట్టులేని వేళ్లకు కూడా మట్టి సులువుగా విడవాలని టీచరమ్మ ఇసుక ఎక్కువ పోయించిందట.

"మందుల్లేవా ఇక్కడ?" అని అడిగాను, అడగాలని కాదు, ఎత్తిపొడవాలని.

"ఉన్నయి కదప్పా, గవే," అని మడులు చూపించింది కాత్యాయని టీచరమ్మ. "కూరగాయలే కావాలంటే మార్కెట్ల బండెడు కొనిస్త నేను. కూరగాయల కోసం కాదిది. చేతులు ఖాళీగ ఉంటే మనిషి వాటినే చూసుకుంట కూసుంటడు."

నాకు ఇట్లాంటి మాటలంటే ఒళ్లు మంట. ఆసుపత్రిలో కూడా ఒకాయన నాకు రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. ఆ బంతి మా వీధి కుక్క పిసికింది. లేచి వచ్చేద్దామనుకుంటుండగా మూడో మడి మూల కనపడింది. బూడిద ఇటుకలతో కట్టారు. మూల వంకర. బొటనవేలంత బయటికి వచ్చింది.

"ఎవడు కట్టిండు దీన్ని?"

"నేనే కట్టిన మామా," అన్నాడు చక్రాల కుర్చీలోని అమరేశ్. పాతికేళ్లుంటాయి. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు రెండూ చచ్చుపడ్డాయి. కాళ్లకు లేని పనంతా నోటికే ఇచ్చాడు. "గా మూల కాడ బండి తిరుగలే. ఇటుకను దూరం నుంచి ఇసిరిన."

"ఇసిరినట్టే ఉన్నది."

"నీకు ఒచ్చా కట్టుడు?"

"ఏడేండ్లు ఇటుకలు చేసిన నేను."

"చేసుడు వేరు, కట్టుడు వేరు మామా. దోసె పోసెటోడు హోటల్ కడ్తడా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరుసటి రోజు తాపీ పట్టుకుని పోయాను. పనిముట్టును ఎడమ చేత్తో పట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. తాపీ అన్నం కాదు కదా. మూడు రోజుల్లో నాలుగు మడుల మూలలూ సరిచేశాను.

నాలుగో రోజు విత్తనం వెయ్యాలి. టమాట, బెండ. నేను పక్కన నిలబడి ఎక్కడ ఎంత లోతు వెయ్యాలో చెప్పాను. గింజ మాత్రం ముట్టుకోలేదు. మా నాయన మొదటి పిడికిలి చల్లేముందు కుడిచెయ్యి కడుక్కుని కళ్లకు అద్దుకునేవాడు. నేను ఏమద్దుకోను?

చూపులేని పంపమ్మకు నేను పక్కనున్నానని తెలుసు. అరవై ఏళ్ల మనిషి. పదేళ్ల కింద రెండు కళ్లూ పోయాయి. కొడుకులున్నారో లేరో ఆమె చెప్పదు, ఎవరూ అడగరు.

"తమ్మీ, రెండు గింజలు అందియ్యి."

"గంప నీ ముందరే ఉన్నది అక్కా."

"గంప ఉన్నది నాకు ఎర్కనే. నువ్వున్నవా లేవా అని అడిగిన," అంది.

ఎందుకూ పనికిరాకుండా నిలబడ్డానన్న ఉక్రోషంతో, మడులకు నేనేదైనా చెయ్యాలనుకున్నాను. మా అమ్మ వంకాయ చెట్ల మీద పొయ్యి బూడిద చల్లేది, పురుగు పట్టకుండా. మా ఊళ్లో బూడిదకు కొదువా? థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు నిలబడ్డప్పటి నుంచి రోడ్డు మీద బూడిద ట్యాంకర్లు రాల్చిందే ఒక ఊరికి సరిపోతుంది. ఒక సంచి ఎత్తుకొచ్చి మడుల మీద మందంగా చల్లాను. చీమలు గింజలు మోసుకుపోతున్నాయని ఎవరో అంటే, గోడకు వెయ్యగా మిగిలిన సున్నం కూడా చల్లాను. పైపైన ఉంటే గాలికి పోతుందని గింజలకు తగలకుండా పై మట్టిలో కలిపాను. పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లమని అందరికీ గట్టిగా చెప్పాను. వాళ్లు పాపం, ఒక్క పూట తప్పలేదు.

పది రోజులైంది. మొలక లేదు. పదిహేను రోజులైంది. అమరేశ్ కర్రతో మడి మీద కొట్టాడు. టక్, టక్ అంది.

"మామా, ఇది మడినా, మిద్దెనా?"

పంపమ్మ అరచెయ్యి పెట్టి తడిమింది. గోరుతో గీకింది. చెయ్యి ఎత్తి వాసన చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి తొట్టి అంచు పట్టుకుని కింద కూర్చుంది.

"ఏందక్కా, ఏమైంది?" అన్నాడు అమరేశ్.

"ఇటుకే! ఇటుకలోడు ఇటుకనే చేసిండు!"

అప్పుడు వెలిగింది నాకు. బూడిద, ఇసుక, సున్నం. రెండు పూటలా నీళ్లు. ఏడేళ్లు నేను చేసిన పని అదే. చెయ్యి పోయినా పనితనం పోలేదు. షెడ్డులో ఉన్న పదిమందీ నవ్వుతున్నారు. లోపల గరిటె పట్టుకుని యంకమ్మ కూడా నవ్వుతోంది, అది నేను చూశాను. తాపీ అక్కడే పారేసి ఇంటికి వచ్చేశాను.

రెండు రోజులు గడప దాటలేదు. యంకమ్మను చూస్తే మూతి తిప్పుకున్నాను. మూడో రోజు వీధిలోంచి కేకలు వినపడ్డాయి.

"కుడికి! కుడికి పోవే అక్కా! బర్రె! బర్రె!"

"బర్రెను జరగమను! నేనెందుకు జరగాలె?"

బయటికొచ్చి చూస్తే పంపమ్మ చక్రాల కుర్చీ తోస్తోంది. అమరేశ్ కూర్చుని దారి చెప్తున్నాడు. వెనక వీధి పిల్లలు, ముందు శెట్టిగారి బర్రె. కుర్చీ నేరుగా మా అరుగుకు గుద్దుకుని ఆగింది.

"వచ్చినమా?" అని అడిగింది పంపమ్మ.

"గుద్దుకున్నం అంటే వచ్చినట్టే," అన్నాడు అమరేశ్.

"తమ్మీ, ఉన్నవా?"

"ఉన్న."

"మడులు పగులగొట్టాలె. మాకెవ్వలకు ఒస్తలేదు. టీచరమ్మ గునపం తోని కొడ్తె గునపం ఒంగింది. గంత గట్టి మాల్ చేసినవు, శాబాష్. గది ఎట్ల పగులుతదో చేసినోనికే ఎర్క ఉంటది. నడువు."

"నన్ను జూసి నవ్వుడు అయ్యిందా మీకు?"

"ఇంకా అయితలేదు," అంది పంపమ్మ. "నవ్వుకుంటనే ఒచ్చినం. మాకు నవ్వేటందుకు ఇంకేమున్నది తమ్మీ? టీవీ పెడ్తె నాకు కనపడదు."

ఇంత దూరం వాళ్లిద్దరూ ఎట్లా వచ్చారో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమే. ట్యాంకర్లు తిరిగే రోడ్డు దాటాలి. కుర్చీ వెనక్కు పోయాను. ఎడమ చేత్తో ఒక పిడి, కుడి ముంజేతితో రెండో పిడి నొక్కిపట్టి తోశాను. పంపమ్మ నా భుజం పట్టుకుని నడిచింది.

ఇటుక ఆరకముందు అంచున కొడితే పొరలుగా లేస్తుంది, మధ్యలో కొడితే లేవదు. నేను అంచుల్లో ఉలి పెట్టి కొడుతుంటే లేచిన పెళ్లలను మిగతావాళ్లు తీసి పక్కన పడేశారు. రెండో మడి సగమయ్యేసరికి పంపమ్మ అరిచింది.

"ఆగు! ఆగరా! చెయ్యి ఆపు!"

పెళ్ల కింద ఆమె వేళ్లకు ఏదో తగిలింది. ఒంగి చూశాం. బెండ మొలక. పైకి రాలేక, పెళ్ల కిందనే జానెడు దూరం అడ్డంగా పోయింది. తెల్లగా, పురికొసంత సన్నగా ఉంది. ఇటుకల సందు దొరికిన చోట బయటికి తల పెట్టి, అక్కడ మాత్రం రెండు ఆకులు పచ్చగా విప్పింది. తొట్టికి ఆవలి వైపు కావడంతో ఇన్ని రోజులూ ఎవరూ చూడలేదు.

"ఒకటి బతికిందా?" అంది టీచరమ్మ.

"ఒక్కటే," అన్నాడు అమరేశ్. "మామ చేతిల కెల్లి తప్పించుకున్నది."

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే యంకమ్మ షెడ్డులోంచి తొంగి చూసి, ఏమైందోనని పొయ్యి మీది చారు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

పాత మట్టి ఎత్తి పోశాం. కొత్త మట్టి నింపాం. జూలై మొదటి వానలు పడ్డాక మళ్లీ విత్తనాలు. ఈసారి పంపమ్మ మడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వేలితో గుంత పెడుతుంది, జానతో కొలుస్తుంది, ఇంకో గుంత పెడుతుంది. ఆమె గీసిన వరుస దారం పట్టినట్టుంది. గింజలు వెయ్యడానికి మాత్రం మళ్లీ మొదటి గుంత వెతుక్కోవాలి.

"తమ్మీ, నేను గుంత పెడ్త. ఎనక నువ్వు గింజ ఎయ్యి."

"అమరేశ్‌ను పిలుస్త."

"వాడు బెండ మడి కాడ ఉన్నడు. నువ్వు ఇక్కడ ఉన్నవు."

"అక్కా, నాది ఎడమ చెయ్యి."

"చూపియ్యి."

నేను కదల్లేదు. ఆమే గాల్లో తడిమి నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలు ఎటుందో చూసింది. అరచేతి మీద కాయలు తడిమింది. ఎవరైనా నా ఆ చెయ్యి పట్టుకుని మూడేళ్లు.

"అవు, పుర్రచెయ్యే," అంది. గంపలోంచి గింజలు తీసి అందులో పోసి నా వేళ్లు మూసింది. "జల్ది. వాన ఒచ్చేటట్టున్నది."

ఆమె గుంత పెట్టింది. నేను గింజ వేశాను. ఆమె ఇంకొకటి పెట్టింది. మడి చివరికి వచ్చేసరికి ఆమె తొందరపెడుతుంటే నేను ఏ చేత్తో వేస్తున్నానో చూసుకోవడానికి తీరలేదు. నిజంగానే వాన వచ్చింది. అందరం షెడ్డులోకి పరుగెత్తాం, పరుగెత్తగలిగినవాళ్లం. అమరేశ్ తడుస్తూ వానలోనే ఉండిపోయాడు, కావాలనే. "నన్ను గూడ పెట్టిండ్రా మడిల? మొలుస్తనా?" అని అరుస్తున్నాడు.

ఏడో రోజున మొలకలు వచ్చాయి. ఆ పొద్దున షెడ్డులో ఎవరూ ఎవరి మాటా వినలేదు. వేళ్లు వంకర్లు పోయి వణికే ఒక ముసలాయన ఆకుకు తగిలీ తగలకుండా వేలు ఆనించి పావుగంట కూర్చున్నాడు. ఆగస్టు అంతా నేను పొద్దునే పోయేవాణ్ణి. కలుపు తీయడం, నారు ఒత్తుగా ఉన్నచోట పలచన చెయ్యడం, పుల్లలు పాతి తీగ కట్టడం. ఒంటిచేత్తో ముడి వేయడం అమరేశ్ నేర్పాడు, ఒక కొస పళ్లతో పట్టి. బెండకాయలు ముందు వచ్చాయి. వినాయక చవితి వెళ్లిన పది రోజులకు టమాటలు ఎర్రబడ్డాయి. ఏవి పండాయో పంపమ్మ వాసనతో చెప్పేది, మేము కళ్లతో చూసి ఆమె చెప్పింది నిజమేననేవాళ్లం.

ఇంట్లో గొడవ మాత్రం అట్లాగే ఉంది. అన్నం ముట్టించే రోజు ఖాయమైంది. "ముద్ద ఎవరు?" అంటే నేను "హనుమప్ప" అన్నాను. గింజ వేయడం వేరు, పసివాడి నోట్లో మొదటి ముద్ద వేరు. రేపు వాడికేమైనా తక్కువైతే తాత ఎడమచెయ్యి వల్లే అంటారు. ఎవరూ అనకపోయినా నేను అనుకుంటాను. యంకమ్మ ఇక వాదించలేదు. యరగేరకు కబురు పంపింది.

ముచ్చటకు రెండు రోజుల ముందు, హేమశ్రీ పిల్లవాణ్ణి ఎత్తుకుని షెడ్డుకు వచ్చింది. తల్లి వంట చేసే చోటు చూస్తానంది. పిల్లవాడు చేతులు మారి మారి చివరికి అమరేశ్ ఒళ్లో చేరాడు. అమరేశ్ కుర్చీని ముందుకు వెనక్కు ఆడిస్తూ "బస్సు పోతున్నది, తుర్విహాళ, సింధనూరు, సింధనూరు" అని కండక్టరులా అరుస్తున్నాడు. పిల్లవాడు బోసి నోటితో కేరింతలు.

నేను టమాటలు తెంపుతున్నాను. బాగా పండినదొకటి పట్టుకోగానే పగిలి, రసం వేళ్ల మీదుగా కారింది. చెయ్యి దులుపుకునే లోపల అమరేశ్ కుర్చీని నా పక్కకు తెచ్చాడు. పిల్లవాడు రెండు చేతులూ చాపి నా వేళ్లు పట్టుకున్నాడు. పట్టుకుని నేరుగా నోట్లో పెట్టుకున్నాడు.

ఆ పట్టు ఎంత గట్టిదో! లాక్కోవచ్చు. నేను లాక్కోలేదు. పులుపుకు వాడి ముఖమంతా ముడుచుకుపోయింది, ఒళ్లు జలదరించింది. ఏడుస్తాడనుకున్నాను. కళ్లు తెరిచి, నన్ను ఒకసారి చూసి, మళ్లీ చీకడం మొదలుపెట్టాడు.

హేమశ్రీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అమరేశ్ బస్సు ఆగిపోయింది.

"ఏమైంది?" అంది పంపమ్మ అవతలి మడి నుంచి. "ఎందుకు అందరు గప్‌చుప్ అయిండ్రు?"

"ఏం లేదక్కా," అన్నాను. "మనుమడు తింటున్నడు."

"ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

"మంచిది," అని ఆమె తన పనిలో పడింది.

"నాయినా, మూర్తం ఎల్లుండి కదా!" అంది హేమశ్రీ. కోపం కాదు. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. యంకమ్మ వంట వదిలి వచ్చి, సంగతి చూసింది. ఇంకో పండు తెంపి, పైట చెంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

"గిది ఇంకా తియ్యగుంటది. గిది పెట్టు."

ముచ్చట రోజున హనుమప్ప యరగేర నుంచి వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని, కుడిచేతికి కొత్త వాచీ పెట్టుకుని వచ్చాడు. అప్పటికే పిల్లవాడు నా ఒళ్లో కూర్చుని, నా వేళ్ల నుంచి పాయసం నాకుతున్నాడు. మూతికీ ముక్కుకీ పాయసమే.

"వదినా, మరి నన్నెందుకు పిలిపించినవు?" అన్నాడు హనుమప్ప.

"తినేటందుకు. జల్ది కాళ్లు కడుక్కో," అంది యంకమ్మ.

విస్తళ్లు వరుసగా పరిచారు. షెడ్డు వాళ్లందరూ వచ్చారు, టీచరమ్మ వచ్చింది, హేమశ్రీ అత్తగారి వాళ్లు తుర్విహాళ నుంచి వచ్చారు. యంకమ్మ హనుమప్ప పక్కన ఒక విస్తరి వేసి నా వైపు చూసింది. పిల్లవాణ్ణి వాళ్ల అమ్మకిచ్చి పోయి కూర్చున్నాను. బెండకాయ వేపుడు, టమాట పప్పు వడ్డించారు. హనుమప్ప కుడిచేత్తో కలుపుతున్నాడు, నేను ఎడమచేత్తో. వాడికి నేను కుడి పక్కన పడ్డాను. ముద్ద ఎత్తినప్పుడల్లా ఇద్దరి మోచేతులూ ఠక్కున తగులుతున్నాయి. వాడి పప్పు వాచీ మీద పడింది.

"జర జరుగన్నా!"

"నేనెందుకు జరగాలె? నువ్వే జరుగు," అన్నాను, పప్పు ఇంకొంచెం పొయ్యమని యంకమ్మకు విస్తరి చూపిస్తూ.